బరువులు, పళ్ళెం, ఓవెన్: మూడూ ఒకే ఇంట్లో సాగాలంటే

ఇంట్లో ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్ ఉండి, జిమ్ముకి ఫీజు కట్టి, పైగా ఓ నాలుగైదు కిలోలు తగ్గాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఇలాంటివాళ్ళు ఇప్పుడు బాగానే కనబడుతున్నారు. పిల్లల పుట్టినరోజు కేకు ఇంట్లోనే చేసేస్తారు, పొద్దున్నే స్క్వాట్లు కొడతారు, రాత్రికి అన్నం మాని పుల్కాలు తింటారు. నెల తిరిగేసరికి ఈ మూడింట్లో ఏదో ఒకటి అటకెక్కుతుంది. మామూలుగా ముందు ఎక్కేది ఓవెనే.

నన్నడిగితే దాన్ని ఎక్కించాల్సిన పనే లేదు. తూచి, కోసి, పళ్ళెంలో పెట్టుకుని తిన్న కేకు ముక్క వల్ల ఎవరి డైటూ చెడదు. చెడేదల్లా దాని చుట్టూ తినేదాంతోనే. గిన్నెకి అంటిన పిండి, ట్రేలో విరిగిన అంచులు, ఫ్రిజ్‌లో మిగిలిన సగం కేకు, పారెయ్యడం ఎందుకులే అని టీతో లాగించేసే బిస్కెట్లు. అందుకే నా పద్ధతికి ఒక వరస ఉంది. ముందు బరువులెత్తే రోజులు ఖాయం చేసుకోవాలి, తర్వాత పళ్ళెం చూసుకోవాలి, ఆఖర్న ఓవెన్. అదీ వెలిగించే ముందే ట్రేలో ప్రతి ముక్కా ఎవరి నోట్లోకి వెళ్తుందో తేలిపోవాలి.

మొదలెట్టే ముందు ఒక రక్తపరీక్ష

శ్రీకాకుళం జిల్లా వాళ్ళు ఈ భాగం దాటేసి వెళ్ళకండి. ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు, షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ముదిరేదాకా పైకి ఏమీ తెలియకపోవడమే ఆ జబ్బుతో చిక్కు. మీది ఆ ప్రాంతమైనా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉన్నా, ప్రోటీన్ పెంచే ముందు కిడ్నీల పనితీరు తెలిపే సీరమ్ క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని డాక్టరుకి చూపించండి. కిడ్నీలు బాగుంటే ఇక్కడ నేను చెప్పే మోతాదుతో ఇబ్బంది లేదు. బాగోకపోతే మీ ప్రోటీన్ లెక్క డాక్టరే చెప్పాలి, నేనూ కాదు, మీ జిమ్ము ట్రైనరూ కాదు.

ఇంకో రెండు మాటలు. బలానికని జిమ్ముల్లో తాగే క్రియాటిన్ పొడి వాడుతుంటే పరీక్షకి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పండి, దానివల్ల క్రియాటినిన్ అంకె కాస్త ఎక్కువ చూపించవచ్చు. రెండోది మరీ ముఖ్యం. కాళ్ళ కసరత్తు చేసిన రోజు (లెగ్ డే) తర్వాత ఒళ్ళు నొప్పులని మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తరచూ మింగితే కిడ్నీలకి చేటు. చెమట పట్టి నీళ్ళు తగ్గిన ఒంటికి ఇంకా చేటు. కండ నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. ఓర్చుకోండి.

ఒకటో మెట్టు: వారంలో మూడు రోజులు గీసి పెట్టుకోండి

మంగళ, గురు, శని. లేదా సోమ, బుధ, శుక్ర. ఏదైనా పర్లేదు గానీ మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి. ఆరు రోజులు వెళ్తానని మొదలెట్టి మూడో వారానికి మానేసేవాళ్ళ కంటే మూడు రోజులు ఏడాదంతా వెళ్ళేవాళ్ళే ముందుంటారు.

రెండు పాఠాలు చాలు, ఒక రోజు ఒకటి, తర్వాతి రోజు రెండోది, వంతులవారీగా చెయ్యండి. మొదటి పాఠంలో బరువుతో కూచుని లేచే స్క్వాట్, బల్ల మీద పడుకుని రాడ్డు పైకి తోసే బెంచ్ ప్రెస్ (కుదరకపోతే దండీలు), వంగి రాడ్డు లాగే రోయింగ్. రెండో పాఠంలో నేల మీంచి రాడ్డు ఎత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్, తలపైకి ఎత్తే ఓవర్‌హెడ్ ప్రెస్, పైనుంచి కిందికి లాగే పుల్‌డౌన్. ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కి 8 రెప్పులు, అంటే ఆగకుండా ఎనిమిదిసార్లు ఎత్తి దించితే ఒక సెట్. డెడ్‌లిఫ్ట్ మాత్రం రెండు సెట్లు చాలు. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు కూచోండి. ఆ టైములో ఫోను చూడొచ్చు, తప్పు లేదు, కానీ అది పది నిమిషాలవుతుంది, జాగ్రత్త. ప్రతి సెట్ ఆపేసరికి ఇంకో రెండు రెప్పులు కొట్టగలను అనిపించాలి. అంతకంటే ముందే ఆపితే బరువు తక్కువైందని, కాళ్ళు వణికేదాకా వెళ్తే ఎక్కువైందని అర్థం.

మూడు సెట్లూ 8 చొప్పున శుభ్రంగా పూర్తయిన రోజున, తర్వాతిసారి రాడ్డుకి అటూ ఇటూ 1.25 కిలోల ప్లేటు చేర్చండి. మొత్తం రెండున్నర కిలోలు. చేతుల కసరత్తుల్లో అంత కూడా భారమే అవుతుంది, అప్పుడు బరువు మార్చకుండా 8 నుంచి 10 రెప్పులకి వెళ్ళి, ఆ తర్వాత పెంచండి. రాడ్డు బరువు కూడా లెక్కలో వెయ్యాలి. మగవాళ్ళ పోటీ రాడ్డు 20 కిలోలు, ఆడవాళ్ళది 15. మీ జిమ్ములో ఉన్నది ఏదో అడిగి తెలుసుకుని పుస్తకంలో రాసుకోండి. పుస్తకం అంటే అరవై పేజీల నోట్‌బుక్కే. యాప్ అక్కర్లేదు.

డైట్‌లో ఉండగా అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. తిండి తగ్గింది కదా అని బరువులూ తగ్గించి, చిన్న డంబెళ్ళతో యాభైలూ అరవైలూ కొడతారు. కండ నిలవాలంటే దానికి బరువు తగులుతూ ఉండాలి. ఓపిక తగ్గితే మూడు సెట్లని రెండు చెయ్యండి, రాడ్డు మీద కిలోలు మాత్రం దించకండి.

జిమ్ము దూరమైతే ఇంట్లోనూ నడుస్తుంది. 20 లీటర్ల నీళ్ళ డబ్బా నిండా ఉంటే దాదాపు 20 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాని గుండెకి హత్తుకుని స్క్వాట్ చేసి చూడండి, సంగతి తెలుస్తుంది. పీట మీద కూచుని కూరలు తరిగిన అలవాటున్న ఆడవాళ్ళకి స్క్వాట్ లోతు ఇట్టే వస్తుంది, కుర్చీ ఉద్యోగం చేసే మొగుళ్ళకే మడమలు గాల్లోకి లేస్తాయి. వాళ్ళ మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టండి.

ఆడవాళ్ళకి బరువులేంటని ఇంట్లో ఎవరైనా అంటే జవాబు మన దగ్గరే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం వచ్చింది, పైనున్న క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ఇద్దరూ మన పప్పన్నం తిని పెరిగినవాళ్ళే.

రెండో మెట్టు: పళ్ళెం

లెక్క ఉజ్జాయింపుగా వేసుకుందాం. మీ బరువుని 30తో హెచ్చిస్తే, వారానికి మూడు రోజులు వ్యాయామం చేసే మనిషికి బరువు నిలకడగా ఉండే కేలరీలు రమారమి వస్తాయి. 62 కిలోల మనిషికి 1,860. అందులోంచి 300 తీసెయ్యండి, 1,560. ఒంట్లోని కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి ఈ లెక్కన నెలకి కిలో పైచిలుకు తగ్గుతారు. ఇంతేనా అనకండి. ఓవెన్‌కి చోటు మిగలాలంటే ఈ వేగమే మంచిది. రోజుకి 800 కోసేసినవాళ్ళకి ఆదివారం వచ్చేసరికి కేకు ట్రే మొత్తం కావాలనిపిస్తుంది.

ప్రోటీన్ మాటకొస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్ళకి కిలోకి 0.83 గ్రాములు చాలంటుంది. బరువులెత్తుతూ తిండి తగ్గించేవాళ్ళు 1.2 నుంచి 1.6 దాకా వెళ్ళొచ్చు. 62 కిలోలకి 75 నుంచి 100 గ్రాములు. మన పళ్ళెంలో ఇది దొరకదని చాలామంది ప్రోటీన్ పొడి డబ్బాలు కొనేస్తారు. డబ్బా అవసరం లేకుండా ఒక రోజు ఇలా ఉంటుంది.

పొద్దున రెండు గుడ్లు, ఇంట్లో చేసిన బ్రెడ్డు రెండు ముక్కలు: 17 గ్రాములు. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో పప్పు, కూర, గ్లాసు పెరుగు: 20. సాయంత్రం గుగ్గిళ్ళు, ఉలవలు గానీ శనగలు గానీ నానబెట్టకముందు 40 గ్రాములు, దాంతో గ్లాసు పాలు: 15. రాత్రి రెండు పుల్కాలు, 120 గ్రాముల చికెన్ లేదా చేప: 30 దాకా. మొత్తం 80 దాటింది. కేలరీలు నూనెతో కలిపి 1,600 చుట్టూ ఉంటాయి. చేపల్లో చింతపల్లి, కోనాడ వైపు నుంచి వచ్చే కవళ్ళు, కానాగంతలు చవక, ప్రోటీనూ దండి. వంజరమే తినాలని రూలేం లేదు.

శాకాహారులకి మీల్ మేకర్ ఉంది. ఎండువి 100 గ్రాముల్లో 52 గ్రాములు ప్రోటీనే, 40 గ్రాములు వండుకుంటే రాత్రి చికెన్‌కి దగ్గర దగ్గర సరిపోతుంది. మాంసం లేకుండా బలమెక్కడిదని అడిగేవాళ్ళకి కోడి రామ్మూర్తి నాయుడి పేరు చెప్పండి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్చిన ఆ కలియుగ భీముడు శాకాహారి అనే చెబుతారు.

ఇక నూనె. చెంచాడు అంటే ఏ చెంచా? టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీల పైమాట. పోపులో చూసుకోకుండా వంచితే రెండు స్పూన్లు ఎక్కువ పడతాయి, అది దాదాపు ఒక కేకు ముక్కతో సమానం. కేకు మానేస్తామనేవాళ్ళు ముందు నూనె డబ్బా మూతికి చిన్న గరిటె కట్టుకోవాలని నా అభిప్రాయం. పంచదార, బెల్లం, తేనె అన్నీ కలిపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంచుకోండి. బెల్లం ఆరోగ్యం కాబట్టి లెక్కలోకి రాదనేది మన ఇళ్ళలో తిరిగే పెద్ద అబద్ధం. వంద గ్రాముల పంచదార 400 కేలరీలైతే అంతే బెల్లం 380 దాకా ఉంటుంది.

మూడో మెట్టు: తూకం, ఓవెన్, ప్లగ్గు

మీరు ఒక్కటే కొనగలిగితే కిచెన్ స్కేల్ కొనండి. గ్రాము దాకా చూపించే డిజిటల్ త్రాసు. బ్రెడ్డుకీ అదే, అన్నానికీ అదే. కప్పులతో కొలిచినప్పుడు పిండి దులిపి పోస్తే 120 గ్రాములు, నొక్కి పోస్తే 150 పైన. బేకింగ్ చెడినా, డైట్ లెక్క తప్పినా చాలాసార్లు కారణం ఆ కప్పే.

ఓటీజీ 28 లేదా 30 లీటర్లది నలుగురున్న ఇంటికి సరిపోతుంది. అది 1,500 వాట్లు లాగుతుంది, అంటే ఆరున్నర ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లదే కాబట్టి అందులో పెట్టకండి. గీజరుకో ఏసీకో వేసిన 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. గంట సేపు కాలిస్తే యూనిట్ పైన కొంచెం కాలుతుంది. ఇన్వర్టర్ మీద నడవదు, అందుకని కరెంటు కోత టైములు చూసుకునే పిండి కలపండి.

నాలుగో మెట్టు: ముందు బ్రెడ్డు నేర్చుకోండి, కేకు తర్వాత

కేకు తినే వస్తువు, బ్రెడ్డు వాడుకునే వస్తువు. రోజూ పొద్దున పళ్ళెంలోకి వచ్చేది ఇంట్లోదైతే బేకింగ్ సరదా తీరుతుంది, అదనపు కేలరీ ఒక్కటీ పడదు. మీ చేతులకి కావలసింది పిండి పిసకడమే అయితే దానికి కేకే కానక్కర్లేదు కదా.

గోధుమపిండి 180 గ్రాములు, మైదా 120, చోడిపిండి (రాగిపిండి) 50. ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు 6, బెల్లం పొడి 10, నూనె 10, పెరుగు 50. నీళ్ళు 230 మిల్లీలీటర్లతో మొదలెట్టండి, పిండి తాగితే ఇంకో పదో ఇరవయ్యో. చోళ్ళలో జిగురు ఉండదు, అందుకే మొత్తం పిండిలో ఏడో వంతుకి మించనివ్వలేదు. సగం చోడిపిండి వేస్తే వచ్చేది బ్రెడ్డు కాదు, ఇటుక. రుచీ రంగూ ఈ 50 గ్రాములతోనే వస్తాయి, మన చోడి అంబలి వాసన కూడా లీలగా తగులుతుంది.

అన్నీ కలిపి ముద్ద చేసి ముప్పావు గంట పిసకాల్సిన పని లేదు. కలిపేసి అరగంట మూత పెట్టి వదిలెయ్యండి. ఆ అరగంటలో పిండి తనంతట తనే జిగురు పట్టేస్తుంది. తర్వాత ఐదారు నిమిషాలు పిసికితే నున్నగా వచ్చేస్తుంది. డెడ్‌లిఫ్ట్ చేసిన సాయంత్రం ఈ పని పెట్టుకునేవాళ్ళకి ఇది మరీ అక్కరకొస్తుంది, ఆ రోజు పిడికిట్లో పట్టుండదు.

పొంగడం గురించి పుస్తకాల్లో గంటా గంటన్నర అని రాస్తారు. అవి మన వంటిళ్ళు చూసి రాసినవి కావు. మే నెలలో, వంటింట్లో 35 డిగ్రీలున్నప్పుడు నలభై నిమిషాలకే ముద్ద గిన్నె అంచు దాటి మూతని ఎత్తుతుంది. అలా తొందరపడి పొంగిన బ్రెడ్డుకి పులుపు వాసన వస్తుంది, ఓవెన్‌లోకి వెళ్ళాక కూలబడుతుంది. కాబట్టి ఎండాకాలం ఫ్రిజ్ నీళ్ళతో కలపండి, ఈస్ట్ 3 గ్రాములకి తగ్గించండి. డిసెంబరులో మాత్రం గోరువెచ్చని నీళ్ళే. వేలు పెడితే చురుక్కుమంటే ఆ వేడి ఈస్ట్‌ని చంపేస్తుందని గుర్తు. గడియారం చూడటం కంటే వేలితో నొక్కి చూడటం మంచిది. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. నెమ్మదిగా సగం పూడి ఆగితే టిన్నులో సర్దొచ్చు. అసలు పూడకపోతే ఆలస్యమైంది, దాన్ని రొట్టెలా పల్చగా ఒత్తి ఉల్లిపాయలు చల్లి కాల్చేసుకోండి.

టిన్నులో రెండోసారి పొంగి అంచు దాకా వచ్చాక, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. బయటికి తీసి బోర్లించి అడుగున వేలితో కొడితే డొల్ల చప్పుడు రావాలి. పూర్తిగా చల్లారాకే కొయ్యండి. వేడి బ్రెడ్డు మీద వెన్న రాసుకోవడం అనే సుఖం ఉంది చూశారూ, అది 40 గ్రాముల ముక్కని 150 గ్రాములు చేసేస్తుంది.

ఇప్పుడు తూకం. వేసిన సరుకులన్నిటి కేలరీలూ కలిపితే సుమారు 1,350. చల్లారిన బ్రెడ్డు తూస్తే 580 గ్రాముల దగ్గరుంటుంది, కాల్చేటప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది. 40 గ్రాముల ముక్కలు పద్నాలుగు వస్తాయి. ఒక్కోటి 95 కేలరీలు, రెండున్నర గ్రాముల ప్రోటీన్. మొత్తం కేలరీలని చల్లారాక వచ్చిన తూకంతో భాగించడమే కిటుకు. దేనికైనా ఇదే పద్ధతి, బొబ్బట్లకి కూడా.

ఐదో మెట్టు: కేకు లెక్క

పాతకాలపు వెన్న కేకు తీసుకుందాం. మైదా, పంచదార, వెన్న తలో 200 గ్రాములు, నాలుగు గుడ్లు. మైదా 700, పంచదార 800, వెన్న 1,440, గుడ్లు 280. మొత్తం 3,220. పన్నెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 268.

తీపి తగ్గిస్తే చాలనుకుంటారు అందరూ. పంచదార 200 నుంచి 150 చేస్తే మిగిలేది 200 కేలరీలు, ముక్కకి పదహారు పదిహేడు. పైగా పంచదార తగ్గితే కేకు పొడిబారుతుంది. అదే వెన్న సగం చేసి ఆ చోట 100 గ్రాముల పెరుగు వేస్తే 650 పైన తగ్గుతాయి. పొర మెత్తదనం కాస్త మారుతుంది, రెండో రోజు కొంచెం గట్టిపడుతుంది, ఆ మాత్రం నిజం ఒప్పుకోవాలి. కత్తెర ఎప్పుడైనా కొవ్వు దగ్గర మొదలెట్టండి.

నా ఇంట్లో వారం వారం నడిచేది అరటిపండు కేకు. బాగా మగ్గి తొక్క నల్లబడ్డ పళ్ళ గుజ్జు 250 గ్రాములు, రెండు గుడ్లు, బెల్లం పొడి 80, నూనె 50, పెరుగు 100, గోధుమపిండి 150, బేకింగ్ పౌడర్ 5, సోడా 2, చిటికెడు ఉప్పు, పైన జీడిపప్పు 30. 170 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు, పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. మొత్తం 1,850 చిల్లర, పన్నెండు ముక్కల్లో ఒక్కోటి 155. జీడిపప్పు పలాసదే తెచ్చుకోండి, కానీ గుండ్లు కొని ముక్కలు చేసుకోవడం దండగ. దుకాణంలో ముక్క రకం అడగండి, ధర తక్కువ, రుచి అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ తోటలు నేలకూలాయి, జీడిమొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఊరి రైతు పప్పు కొంటే నాకదో తృప్తి.

గిన్నె సంగతి చెప్పాను కదా. ఆ వెన్న కేకు పచ్చిపిండి మొత్తం 800 గ్రాములు, 3,220 కేలరీలు. అంటే గ్రాముకి నాలుగు. గరిటెకి అంటినదీ, గిన్నె అడుగున వేలితో తీసిందీ కలిపి 60 గ్రాములంటే 240 కేలరీలు, దాదాపు ఒక ముక్క. నోట్లో వేసుకున్నట్టు కూడా గుర్తుండదు. పచ్చి గుడ్డూ పచ్చి మైదా కడుపుకి మంచివి కావన్నది వేరే సంగతి. పిండి టిన్నులోకి వంచగానే గిన్నెలో నీళ్ళు పోసెయ్యండి.

ఆరో మెట్టు: ట్రే ఖాళీ చేసే పద్ధతి

పిండి కలపకముందే కాగితం మీద రాసుకోండి. పన్నెండు ముక్కలు. పిల్లల డబ్బాల్లోకి నాలుగు, అత్తయ్యకీ మావయ్యకీ రెండు, ఎదురింటి వదినకి రెండు, ఆఫీసుకి రెండు, నాకు రెండు. పేర్లు పన్నెండు దాకా రాకపోతే సగం కొలతతో చేసుకోండి. వారం మధ్యలో నలుగురే తినేట్టుంటే ఆరు కప్‌కేకులు చాలు.

చల్లారగానే అన్నీ ఒకేసారి కోసి, తూచి, పంచెయ్యాలి. మొదటిసారి మా అత్తయ్య ఇది చూసి, "ఏటమ్మా, కేకు ముక్కకీ తూకవేటి? బంగారవా?" అంది. తర్వాత తనకి వచ్చిన ముక్క పిల్లల ముక్క కంటే చిన్నదనిపిస్తే ఆవిడే త్రాసు మీద పెట్టి చూసుకోవడం మొదలెట్టింది. ఇంట్లో వాళ్ళకి మీ డైటు అర్థం కానక్కర్లేదు, పద్ధతి అలవాటైతే చాలు.

మిగిలినవి ఒక్కో ముక్కా విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పడెయ్యండి. కింద ఫ్రిజ్‌లో కనబడేచోట పెడితే తలుపు తీసినప్పుడల్లా పిలుస్తుంది. ఫ్రీజర్‌లోది తినాలంటే ఇరవై నిమిషాలు ఆగాలి, అప్పటికి చాలా కోరికలు చల్లారిపోతాయి. బ్రెడ్డు కూడా ఫ్రీజరే. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడిపోతుంది, మన ఉక్కకి బయట ఉంచితే మూడో రోజుకి బూజు.

మీ వంతు రెండు ముక్కలు ఎప్పుడు తినాలంటే, బరువులెత్తిన రోజుల్లో, వ్యాయామం అయ్యాక, భోజనంతో పాటు. కండలోకి వెళ్ళిపోతుందన్న మాయేం లేదు. కడుపు నిండి ఉంటుంది కాబట్టి రెండో ముక్క మీదికి చెయ్యి వెళ్ళదు, అంతే.

వారం ఎలా నడుస్తుంది

మంగళ, గురు, శనివారాలు పొద్దున ఐదున్నరకి జిమ్ము, ఇంటికొచ్చి గుడ్లూ బ్రెడ్డూ. శనివారం సాయంత్రం రైతుబజారు నుంచి వచ్చాక బ్రెడ్డు పిండి కలిపి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టడం, ఆదివారం ఎండెక్కకముందే కాల్చడం. అదే వేడి మీద, బ్రెడ్డు తీసి ఓవెన్ 170కి దించి, కేకు. రెండింటికీ ఒకేసారి ఓవెన్ వేడెక్కించినట్టవుతుంది, మధ్యాహ్నానికి వంటిల్లు చల్లబడుతుంది. సోమవారం ఉదయం కడుపు ఖాళీగా ఉన్నప్పుడు బరువు చూసుకోవడం. ఇంతకు మించి పట్టిక అక్కర్లేదు.

ఏప్రిల్, మే నెలల్లో వడగాడ్పు తగిలే రోజుల్లో పొద్దున్న కుదరకపోతే సాయంత్రం ఆరు దాటాకే వెళ్ళండి. రేకుల షెడ్డులో నడిచే జిమ్ములు మధ్యాహ్నం ఉడికిపోతాయి. వెళ్ళే ముందు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ చోడి అంబలి గానీ తాగితే కళ్ళు తిరగవు. ఆ రెండు నెలలు ఓవెన్ వారానికి ఒక్కసారే, తెల్లారేలోపు.

పండగలు, బరువు కదలని వారాలు

దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర. ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది, గంటస్తంభం వైపు అడుగు పెట్టడానికి చోటుండదు, జిమ్ములు కూడా సగం ఖాళీ. ఆ వారం తగ్గాలని చూడకండి. 300 తీసెయ్యడం ఆపి, బరువు నిలబెట్టే లెక్కకి తినండి, ఒక్క రోజైనా స్క్వాట్లు కొట్టండి. సంక్రాంతికీ అంతే. అరిసెలున్న వారంలో కేకు చెయ్యడం అనవసరం, పండగే ఓవెన్ పని చేసేస్తోంది. కనుమ నాడు మినుము తినాలంటారు, గారెలు తినండి, నాలుగు తిని లేవండి.

పండగ అయ్యాక మర్నాడే కాటా ఎక్కకండి. ఉప్పూ పిండివంటలూ పట్టి ఉంచిన నీళ్ళకి కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. నాలుగైదు రోజులాగి చూడండి.

మామూలు రోజుల్లో మూడు వారాలు వరసగా అంకె కదలకపోతే ముందు నోట్‌బుక్ తియ్యండి. రాడ్డు మీద బరువు పెరుగుతూ, నడుం దగ్గర పంజాబీ డ్రెస్సు వదులవుతుంటే కాటా మాట పక్కన పెట్టి అలాగే సాగండి. రెండూ లేకపోతే మూడు రోజులు నూనె తూచి పొయ్యండి, సీసాని త్రాసు మీద పెట్టి పోపుకి ముందూ తర్వాతా చూస్తే చాలు. నూనె సరిగానే ఉంటే అన్నంలో 20 గ్రాముల బియ్యం తగ్గించండి. అప్పటికీ కదలకపోతే ఆ వారం కేకులో మీ రెండు ముక్కలు ఒకటి చెయ్యండి, రెండోది ఎదురింటికి పంపెయ్యండి. ప్రోటీన్ మాత్రం ముట్టుకోకండి.